మహబూబ్‌నగర్ జిల్లా కార్మిక శాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

జడ్చర్ల దగ్గరి ఒక మందుల పరిశ్రమలో నాణ్యత పరీక్షల విభాగంలో నాలుగేళ్లు పనిచేసిన నన్ను, ఐదో నెల గర్భంతో ఉండగా, పని తగ్గిందన్న కారణం చూపి పోయిన నెల తొలగించారు. తొలగించిన నలుగురిలో గర్భిణి పేరే మొదట ఉండటం యాదృచ్ఛికమని నమ్మేంత అమాయకురాలిని కాను. అయినా ఈ లేఖ దాని గురించి కాదు.

ఉద్యోగం పోయింది కాబట్టి ప్రసూతి డబ్బు కూడా పోయినట్లేనని కార్యాలయంలో చెప్పారు. నా జీతం నెలకు 23,000 రూపాయలు, అంటే ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) పరిమితి అయిన 21,000 దాటినది, కనుక ప్రసూతి డబ్బు నాకు చెల్లించవలసింది బీమా కాదు, యజమానే. ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి 26 వారాల వేతనం ఇవ్వాలని, గర్భంతో ఉండగా తొలగించినంత మాత్రాన ఆ హక్కు పోదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా 80 రోజులు, 26 వారాలన్న ఆ లెక్కను మార్చలేదు. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున తొలగింపు పరిహారం దీనికి వేరు.

ఇంటద్దె, స్కానింగ్ ఖర్చులు చేబదులు మీద నడుస్తున్నాయి. ఫిర్యాదుకు 60 రోజుల గడువు ఉందన్న సంగతి నాకు తెలిసేసరికే సగం రోజులు గడిచాయి. కాబట్టి నా అర్జీని గడువులోగా విచారించాలని, ఈ నిబంధనలను తెలుగులో ప్రతి పరిశ్రమ గేటు వద్ద అతికించేలా ఆదేశించాలని మనవి.

ఇట్లు,
జడ్చర్ల మండల కార్మికురాలు