రూట్ కెనాల్‌కి మొత్తం ఖర్చెంతో చెప్పమని 23 రోజులుగా అడుగుతున్నాను

డెంటల్ క్లినిక్ కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఎడమవైపు కింది దవడ పన్ను రూట్ కెనాల్‌కి అయ్యే ఖర్చు రాసివ్వకపోవడం, నా ఫిర్యాదును మూడుసార్లు మూసేయడం గురించి.

అయ్యా,

మీ యాప్‌లో నా ఫిర్యాదు ఎదురుగా ‘పరిష్కరించబడింది’ అని ఉంది. ఎవరు పరిష్కరించారు? నాకు ఒక్క ఫోన్ రాలేదు. నా పంటిలో ఇప్పటికీ టెంపరరీ ఫిల్లింగే ఉంది, నేను ఇప్పటికీ కుడివైపే నములుతున్నాను. నిన్న మూడోసారి అలా మూసేశాక, ఇక ఫోన్లతో పని జరగదని అర్థమై ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ డాక్టరమ్మ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెబుతున్నాను. రెండు రాత్రులు నన్ను కూర్చోబెట్టిన పోటు ఆమె చేయి పడిన రోజే తగ్గింది. నా బాధంతా ఆ గది తలుపు దాటి బయటికొచ్చాక మొదలైంది.

మే 6న మీ కౌంటర్‌లో చిన్న చీటీ మీద ‘ఆర్‌సీటీ 4,500’ అని, అంటే రూట్ కెనాల్‌కి 4,500 అని రాసిచ్చారు. ఎక్స్‌రేకి 300, అడ్వాన్సు 2,500 అక్కడికక్కడే కట్టాను. ఇది దవడ పన్ను కాబట్టి లోపల శుభ్రం చేసి నింపాక పైన క్యాప్ తప్పనిసరి అని, వేయించుకోకపోతే నమిలేటప్పుడు పన్ను చీలిపోవచ్చని డాక్టరమ్మ విడమరచి చెప్పింది. క్యాప్‌కి ఎంతవుతుందని అడిగితే, రేట్ల సంగతి కౌంటర్‌లో చెబుతారంది. కౌంటర్‌లో అమ్మాయి “3,500 నుంచి ఉంటాయి మేడమ్” అంది. అది మెటల్‌దా, సిరామిక్‌దా, జిర్కోనియాదా అంటే, డాక్టర్ గారినే అడగమంది. వెనక్కి వెళితే లోపల ఇంకో పేషెంటు ఉన్నారు. నలభై నిమిషాలు కూర్చుని ఇంటికి వచ్చేశాను.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. వేసవి సెలవుల్లో మాకు సగం జీతమే వస్తుంది. జూన్ 12న బడులు తెరుస్తారు, అప్పటికి ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు నా కోసం ఎదురు చూస్తుంటాయి. నాలాంటి వాళ్లకి ‘అప్పుడు చూద్దాంలెండి’ అనే ఖర్చు ఉండదు. ఎంతో ముందు తెలిస్తే ఎక్కడి నుంచి తేవాలో చూసుకుంటాం. అందుకే మే 8న మీ కాల్ సెంటర్‌కి ఫోన్ చేశాను. అతను నా ఫైలు నంబరు అడిగి, చూసి, “రూట్ కెనాల్, క్యాప్, ఎక్స్‌రేలు అన్నీ కలిపి ప్యాకేజీ 12,000 మేడమ్, రెండు వారాల్లో పూర్తయిపోతుంది, డబ్బు సిద్ధం చేసుకోండి” అన్నాడు. రెండుసార్లు అడిగి మరీ డైరీలో రాసుకున్నాను.

ఆ మాట మీదే మే 10న చిట్టీ పాడాను. 20,000 చిట్టీ. చివరి నెలల దాకా ఆగి తీసుకుందామని పెట్టుకున్నది. 3,200 వదులుకుని పాడుకున్నాను. ఆ 3,200 మా చిన్నదాని యూనిఫాం, బూట్లు. ఈ ఉత్తరం చదివే వారికి అది చిన్న మొత్తంగా కనిపించవచ్చు, నాకు కాదు.

మే 13న రెండో సిట్టింగ్. పంటిలో నాలుగో కెనాల్, అంటే వేరు లోపలి సన్నని దారి, ఉందని డాక్టరమ్మ ఎక్స్‌రేలో చూపించింది. దవడ పళ్లకి మూడు ఉండటం మామూలని, కొందరికి నాలుగు ఉంటాయని చెబితే అర్థం చేసుకున్నాను. బయటికి రాగానే కౌంటర్‌లో “నాలుగో కెనాల్‌కి 1,500 ఎక్స్‌ట్రా” అన్నారు. ప్యాకేజీ కదా అన్నాను. “అలాంటి ప్యాకేజీ మా బ్రాంచిలో లేదు మేడమ్, అది ఆన్‌లైన్ ఆఫర్, అయిపోయింది” అని, నా ముఖం కూడా చూడకుండా, వెనకాల ఉన్నాయన్ని పిలిచారు.

ఆ తరువాత మీ కాల్ సెంటర్‌కి తొమ్మిది సార్లు ఫోన్ చేశాను. తేదీలు, టైములు నా డైరీలో ఉన్నాయి. ఒకావిడ క్యాప్ 8,000 అంది. ఇంకొకాయన 14,000 అని, పైన 18 శాతం జీఎస్టీ అన్నాడు. జబ్బుకి చేసే వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది కదా, నాది అందం కోసం చేయించుకునే పని కాదు కదా అని అడిగితే హోల్డ్‌లో పెట్టాడు. పదకొండు నిమిషాల తరువాత లైను కట్టయింది. మరొకావిడ “ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుంది మేడమ్, మీరేం టెన్షన్ పడకండి” అంది. నమ్మి మా స్కూలు పాలసీ వాళ్లని అడిగాను. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పంటి వైద్యానికి మా పాలసీ వర్తించదన్నారు. తెలియకపోతే తెలియదని చెప్పాలి. డబ్బుకి ఇబ్బంది పడుతున్న మనిషికి లేని ఆశ పెట్టడం పాపం.

మే 20న అపాయింట్‌మెంట్ అడిగితే, బ్యాలెన్స్ మొత్తం కడితేనే ఇస్తామన్నారు. బ్యాలెన్స్ ఎంత అంటే సిస్టమ్‌లో ఇంకా రాలేదన్నారు. ఎంతో చెప్పరు, కట్టనిదే కుర్చీ ఎక్కించరు. ఇదెక్కడి పద్ధతి? టెంపరరీ ఫిల్లింగ్ ఎక్కువ రోజులు ఉంచకూడదని, అరిగితే మళ్లీ లోపలికి క్రిములు పోతాయని మీ డాక్టరే హెచ్చరించింది. రేపు ఆ పన్ను పాడైతే మళ్లీ మొదటి నుంచి చేయాలంటారు. దానికీ నన్నే కట్టమంటారు.

పదకొండేళ్ల కిందట మీరు దిల్‌సుఖ్‌నగర్‌లో మెడికల్ షాపు మేడ మీద ఒక్క గదిలో ఉన్నప్పటి నుంచి మా ఇంటివాళ్లందరం మీ దగ్గరికే వస్తున్నాం. మా అమ్మ కట్టుడు పళ్లు మీవే. మా స్టాఫ్‌రూమ్ నుంచి నేను పంపిన వాళ్లే ఆరుగురున్నారు. అప్పట్లో పెద్ద డాక్టర్ గారు కాగితం మీద మొత్తం ఇంత అని రాసి, వాయిదాల్లో కడతారా అని ఆయనే అడిగేవారు. ఆ మాట మీద ఒక్క రూపాయి పెరిగేది కాదు. ఇప్పుడు బ్రాంచిలు పెరిగాయి, ఏసీలు వచ్చాయి, కానీ ఆ కాగితం రాసిచ్చే మనిషి లేకుండా పోయాడు.

నేను తగ్గించమనడం లేదు. ఆ కాగితమే అడుగుతున్నాను. రూట్ కెనాల్‌కి ఎంత, ఎక్స్‌రేలకి ఎంత, క్యాప్ వేసే ముందు పంటిని నింపి నిలబెట్టడానికి ఎంత, మూడు రకాల క్యాపుల్లో ఏది ఎంత, దేనికి ఎన్నేళ్ల గ్యారంటీ, ఇంకా ఎన్ని సిట్టింగులు, నేను కట్టింది పోను ఎంత మిగిలింది. తెలుగులో, సంతకంతో. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనల ప్రకారం రేట్లు స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. మీ రిసెప్షన్ గోడ మీద నవ్వుతున్న అమ్మాయి ఫోటో తప్ప నాకేమీ కనిపించలేదు.

ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో కాగితం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడితో ఆగను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. చిట్టీలో పోయిన 3,200 కూడా అందులో అడుగుతాను. నా డైరీ, చీటీ, రసీదులు అన్నీ భద్రంగా ఉన్నాయి.

పన్ను అంతవరకూ ఆగదు కాబట్టి సోమవారం ఉదయం అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుంటున్నాను. నా ఎక్స్‌రేలు శనివారం లోపు కౌంటర్‌లో సిద్ధంగా ఉంచండి. వాటికి 300 కట్టాను, అవి నావి.

ఇట్లు,
మీ దగ్గర పదకొండేళ్లుగా వైద్యం చేయించుకుంటున్న టీచరు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్.
మే 29