కైకౌరాలో వంశధార పేరు చెప్పాను

శీనూ,

ఫోనులో అయితే సగం చెప్పి సగం మరిచిపోతానని ఈసారి కాగితం ముందు కూర్చున్నాను. మా తరగతి వాళ్లందరం ఇక్కడ న్యూజిలాండ్‌లోని కైకౌరా అనే తీరపు ఊళ్లో మూడు రోజులుండి నిన్న రాత్రే క్రైస్ట్‌చర్చ్ చేరాం. క్రైస్ట్‌చర్చ్ నుంచి కైకౌరా ఉత్తరంగా 180 కిలోమీటర్లు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మంచు కొండలు. ఇక్కడి మూలవాసులైన మావోరీల భాషలో ‘కై’ అంటే తిండి, ‘కౌరా’ అంటే మీసాల పెద్ద రొయ్య. ఊరి పేరులోనే భోజనం ఉంది చూశావా!

మేము వెళ్లింది తీరప్రాంత పర్యాటకం గురించి నేర్చుకోవడానికి. కానీ ముందు మరాయేకి తీసుకెళ్లారు. అది మావోరీల ఉమ్మడి వాకిలి, సభాస్థలం. పిలవకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. అందరం బయట నిలబడ్డాం. లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలిచింది. ఆ పిలుపును కరంగా అంటారు. మాటలు నాకు అర్థం కాలేదు, ఒళ్లు మాత్రం జలదరించింది. తర్వాత ఒక్కొక్కరి నుదురుకు నుదురు, ముక్కుకు ముక్కు ఆనించి ఊపిరి పంచుకున్నాం. ఆవిడను అందరూ ‘ఫాయెఆ’ అంటారు. మనం పిన్నీ, పెద్దమ్మా అన్నట్టే.

చెప్పులు విప్పి పెద్ద ఇంట్లోకి వెళ్లాం. ఆ ఇల్లు వాళ్ల పూర్వీకుడి దేహమట. నడికప్పు దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. రాత్రి అందరం ఆ పక్కటెముకల కిందే పరుపులు వేసుకుని పడుకున్నాం. తలగడ మీద కూర్చోకూడదు, తల పవిత్రం కాబట్టి. మా నానమ్మ కూడా అలాగే కోప్పడేది, గుర్తుందా?

అక్కడ ఎవరైనా తమను పరిచయం చేసుకునేటప్పుడు ముందు తమ కొండ పేరు, తమ నది పేరు చెబుతారు. సొంత పేరు చివర. నా వంతు వచ్చింది. ‘కో మహేంద్రగిరి తే మౌంగా, కో వంశధార తే అవా’ అన్నాను. నది పేరు నోట్లోంచి వెంటనే వచ్చింది. కొండ దగ్గరే కాసేపు తడబడ్డాను. దాని సంగతి చివర చెబుతాను.

మర్నాడు పడవెక్కాం. ఒడ్డుకు దగ్గరలోనే సముద్రం అడుగున వెయ్యి మీటర్లకు పైగా లోతున్న అగాధం ఉంది. అందుకే స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా అక్కడ ఉంటాయి. నీళ్లలోకి మైకు దించి వాటి టకటక చప్పుడు విన్నారు. కాసేపటికి నల్లటి వీపు తేలింది. పది నిమిషాలు ఊపిరి తీసుకుని, తోక నిటారుగా ఎత్తి మునిగిపోయింది. నాకు కళ్లు చెమర్చాయి శీనూ. యాభై మీటర్ల కంటే దగ్గరికి ఏ పడవా వెళ్లకూడదని చట్టం.

ఆ పడవలు ఎవరివో తెలుసా? 1980లలో రైల్వేలో ఉద్యోగాలు పోయి ఊరి మావోరీ కుటుంబాలు దిక్కుతోచక ఉన్న రోజుల్లో, కొందరు ఇళ్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, 1987లో ఈ పని మొదలుపెట్టారు. అదే తీరంలో 1842లో తెల్లవాళ్లు తిమింగలాల వేట కేంద్రం పెట్టారు. ఆనాటి ఇల్లొకటి ఇప్పటికీ తిమింగలం ఎముకల పునాది మీద నిలబడి ఉంది. ఆ ఎముకలను తాకి చూశాక, ఇళ్లు తాకట్టు పెట్టిన వాళ్ల మీద నాకు గౌరవం రెట్టింపయింది. సముద్రం ఎవరిదో వాళ్లే ఇవాళ దాన్ని మనకు చూపిస్తున్నారు. పర్యాటకం పేరుతో ఎక్కడెక్కడో జరిగేది చూశాం కదా, బయటివాళ్లు హోటలు కడితే ఊరివాళ్లు అందులో గదులు తుడవడం. ఇది అలా కాదు.

2016 నవంబరు 14న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. కైకౌరా దగ్గర సముద్రపు అడుగు ఇంచుమించు మీటరు పైకి లేచింది. నిన్నటి దాకా నీళ్లలో ఉన్న రాళ్లు తెల్లగా ఎండిపోయి ఇప్పటికీ కనిపిస్తాయి. పావా అనే గుల్లలు గుట్టలుగా చనిపోయాయి. వాటిని పట్టడం 2021 దాకా ఆపేశారు. సముద్రం కోలుకునే దాకా అలా చేయి కట్టుకోవడాన్ని మావోరీలు రాహుయి అంటారు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంటుందని నేను చెబితే ఫాయెఆ ఎంతో ఆసక్తిగా విన్నది. ఆ రెండు నెలలూ మీ ఇంట్లో ఎలా గడుస్తాయో కూడా చెప్పాను. మీ అమ్మగారి వల అల్లకం గురించి కూడా.

ఇక కొండ సంగతి. మహేంద్రగిరి అన్నానే గానీ, అది పుస్తకాల్లో చదివిన పేరు. ‘మీ వాళ్లు సముద్రంలో ఉన్నప్పుడు ఇంటి వైపు ఏ కొండను చూసేవారు?’ అని ఫాయెఆ అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. మీ తాతగారిని అడుగు. కళింగపట్నం రేవు నుంచి తెప్ప మీద వెళ్లిన రోజుల్లో తిరిగి ఒడ్డు పట్టడానికి ఆయన దేన్ని గుర్తు పెట్టుకునేవారు? శాలిహుండం కొండనా, ఇంకోదాన్నా? తాతగారు ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరే రాసి పంపు. జూన్‌లో మేము మళ్లీ అక్కడికి వెళ్తున్నాం.

నీ
సత్యం