ఫోన్ కెమెరాకు మెగాపిక్సెళ్లే కొలమానమా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో కొత్త ఫోన్ల పరిచయాలను నేను క్రమం తప్పకుండా చదువుతాను. కెమెరా సంగతి వచ్చేసరికి ఆ పరిచయం 50, 108, 200 అంటూ మెగాపిక్సెళ్ల (ఒక్కో మెగాపిక్సెల్ అంటే చిత్రంలోని పది లక్షల చుక్కలు, అంటే పిక్సెళ్లు) అంకెతో మొదలై, వెనుక ఎన్ని లెన్సులున్నాయో చెప్పి ముగిసిపోతుంది. తెనాలిలో ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న నాకు, ఆ అంకె వల్ల కొనేవారికి తెలిసేది బహు స్వల్పమని అనిపిస్తుంది.

200 మెగాపిక్సెళ్ల ఫోన్ కూడా మామూలుగా తీసినప్పుడు పక్కపక్కనున్న 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి, పన్నెండు చిల్లర మెగాపిక్సెళ్ల చిత్రాన్నే చేతికిస్తుంది. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో అచ్చు వేయడానికి 9 మెగాపిక్సెళ్లు చాలు. ఐఫోన్ ప్రధాన కెమెరా 2015 నుంచి 2021 వరకు 12 మెగాపిక్సెళ్ల దగ్గరే ఉండిపోయినా, ఆ ఏళ్లలో దాని చిత్రాలు మెరుగుపడుతూనే వచ్చాయి. ఇక చవక ఫోన్లలో కనిపించే 2 మెగాపిక్సెళ్ల మాక్రో లెన్సు (అతి దగ్గరి వస్తువులను తీసేది) చాలావరకు లెక్క నింపడానికి పెట్టినదే.

మరి మంచి కెమెరా అంటే ఏమిటో మొన్న మా చెల్లెలి కూతురి పెళ్లిలో నాకు మరోసారి తెలిసొచ్చింది. తలంబ్రాల వేళ మా అన్నయ్య కొడుకు కొత్తగా కొన్న ఖరీదైన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. పెళ్లికొడుకు దోసిలి పైకి లేవగానే వీడు మీట నొక్కాడు, కానీ ఫోన్ ఒక్క క్షణం ఆలోచించుకుంది. తీరా చూస్తే చిత్రంలో దోసిలి ఖాళీగా ఉంది, బియ్యమంతా పెళ్లికూతురి ఒళ్లో ఉంది, చేతులు రెండూ పొగలా చెదిరిపోయి ఉన్నాయి. వెలుతురు చాలనప్పుడు ఫోన్ వరసగా అనేక చిత్రాలు తీసి వాటిని ఒకదానిలో ఒకటి కలుపుతుంది. గోడకైతే ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది గానీ, కదిలే చేతికి పనికిరాదు. చక్కగా రూపొందించిన ఫోన్లు కెమెరా తెరిచినప్పటి నుంచే చిత్రాలను ఆగకుండా జ్ఞాపకంలో ఉంచుకుంటూ, మనం నొక్కిన క్షణానికి చెందినదాన్ని వెనక్కి వెళ్లి తీసిస్తాయి. ఈ ఒక్క గుణాన్ని ఏ ప్రకటనా అంకెల్లో చెప్పదు.

అంతకన్నా నన్ను బాధించినది మా మేనత్త ఫొటో. ఆవిడకు ఎనభై దాటాయి. చామనఛాయ మనిషి, గడ్డం మీద చిన్నప్పుడు పొడిపించుకున్న మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. అదే ఫోన్ ఆవిడను తెల్లగా మార్చి, ముడతలు నున్నగా సాపు చేసి, ఆ చుక్కలను కూడా మచ్చలనుకుని తుడిచేసింది. తెర చూసి ఆవిడ, 'ఇది నేను కాదురా అబ్బాయ్' అన్నది. ముఖానికి మెరుగులు దిద్దే ఆ ఏర్పాటు, ఎవరూ కోరకుండానే, ఫోన్ కొన్ననాటి నుంచీ పనిచేస్తూనే ఉంది. నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో మొటిమలు చెరిపిన చెయ్యే నాది, కాదనను. అయితే అడిగినవారికే చెరిపేవాడిని.

రంగు విషయంలో ఈ పక్షపాతం కొత్తది కాదు. ఫిల్ము రోజుల్లో చాలాకాలం కొడాక్ సంస్థ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబ్‌లకు పంపిన నమూనా కార్డు మీద ఉన్నది తెల్లజాతి మహిళ బొమ్మే. దాన్ని షర్లీ కార్డు అనేవారు. నల్లని, చామనఛాయ ముఖాలు ఆ కొలతకు నప్పేవి కావు. గూగుల్ 2021లో తన పిక్సెల్ 6 ఫోన్‌తో పాటు రియల్ టోన్ పేరిట ముదురు చర్మఛాయలను ఉన్నదున్నట్టు చూపే ప్రయత్నం మొదలుపెట్టింది. మన ముఖాలు మన రంగులోనే రావాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

కెమెరా మసకబారిందని మా స్టూడియోకు వచ్చేవారిలో చాలామందికి అసలు జబ్బు లెన్సు మీది వేలి జిడ్డే. మెత్తటి గుడ్డతో తుడిచి పంపిస్తాను, డబ్బులేమీ తీసుకోను.

కాబట్టి మీ సమీక్షకులకు నాదొక విన్నపం. ఫోన్‌ను డబ్బాలోంచి తీసినది తీసినట్టుగా, ఏ అమరికా మార్చకుండా, ట్యూబ్‌లైటు వెలుతురున్న గదిలో పరుగెత్తే పిల్లవాణ్ణి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్న చామనఛాయ మనిషిని ఫొటో తీయండి. జేబులోంచి తీసిన ఫోన్ మొదటి చిత్రం తీయడానికి ఎంతసేపు పట్టిందో రాయండి. ఆ రెండు ఫొటోలనూ ఎలాంటి దిద్దుబాటూ లేకుండా ఫోన్ ధర పక్కనే అచ్చు వేయండి. మెగాపిక్సెళ్ల అంకెకు చోటు చాలకపోతే దాన్ని వదిలేసినా నష్టం లేదు.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో నిర్వాహకుడు,
తెనాలి.