డయ్యూ సెయింట్ పాల్ చర్చికి సిమెంటు వద్దు, సున్నపు గారే కావాలి

మరమ్మతుల బాధ్యత వహిస్తున్న అధికారి గారికి నమస్కారాలు.

చర్చి గోడలకు సిమెంటు పూయవద్దన్న మా వినతిపత్రాలకు జవాబు రానందున బహిరంగంగా రాస్తున్నాం. జెస్యూట్లు అనే కాథలిక్ క్రైస్తవ సంఘంవారు 1601లో ఆరంభించి 1610లో ముగించిన ఈ ద్వీపపు చర్చిలో నేటికీ ఆరాధన జరుగుతోంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు గోడరాతిలోకి ఇంకుతుంది. సున్నపు గార తేమను బయటికి వదులుతుంది, సిమెంటు బంధిస్తుంది. అప్పుడు ఉప్పు పూత వెనకే పేరుకుని రాతిని పిండి చేస్తుంది, తేమ లోపలి చెక్కడపు కొయ్యపలకలకు పాకుతుంది. వాటిని మళ్లీ చెక్కించడం మాటలు కాదు. పెచ్చులూడితే పడేది కింద మోకరిల్లినవారి మీదే.

సిమెంటు వాడరాదని దయచేసి లిఖితపూర్వకంగా ఆదేశించండి. కనీసం మూడు నెలలు నానిన సున్నం ఒక పాలు, కడిగిన నది ఇసుక మూడు పాళ్లు కలపాలి. ఉప్పుండే తీరపు ఇసుక అసలే వద్దు. పూశాక వారంపాటు తడి ఆరనివ్వకూడదు. వానలకు ముందే పని పూర్తి చేయించండి.