రాకెట్‌ను పుట్టించినవాళ్ల పేర్లు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

హాలీవుడ్ సినిమా గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ గురించి మీ సినిమా పేజీలో రాసినప్పుడల్లా హీరో, దర్శకుడు, వసూళ్లు, చివరికి అందులో రాకెట్ అనే పాత్రకి గొంతు ఇచ్చిన బ్రాడ్లీ కూపర్ పేరు కూడా ఉంటుంది. తనంత తుపాకీ పట్టుకుని అందర్నీ తిట్టిపోసే ఆ బుల్లి రకూన్‌ని (కళ్లకి నల్ల ముసుగేసినట్టుండే అమెరికా జంతువు) అసలు కాగితం మీద పుట్టించినవాళ్ల పేర్లు మాత్రం ఒక్కసారీ కనపడలేదు.

రాసింది బిల్ మాంట్లో, బొమ్మ వేసింది కీత్ గిఫెన్, 1976లో. అప్పుడు వాడి పేరు రాకీ, ఒక కథలో చిన్న వేషం. 1982లో హల్క్ కామిక్స్‌లోకి తీసుకొచ్చి రాకెట్ చేసింది, 1985లో నాలుగు సంచికల సొంత సిరీస్ రాసింది కూడా మాంట్లోనే. మానసిక రోగులకు తోడుగా ఉండటానికి జంతువులకు తెలివి తెప్పించిన గ్రహం, అక్కడ పోలీసు పని చూసే రకూన్... ఇలాంటిది ఏ స్టూడియో మీటింగ్‌లోనూ పుట్టదు లెండి.

మాంట్లో ఆ తర్వాత లా చదివి న్యూయార్క్‌లో పేదల తరఫున వాదించే లాయరయ్యారు. 1992లో రోలర్ స్కేట్స్ మీద వెళ్తుంటే ఒక కారు గుద్దేసి ఆగకుండా పోయింది, మెదడు బాగా దెబ్బతింది, ఇక కోలుకోలేదు. కొన్నాళ్లకి బీమా కంపెనీ చికిత్స ఖర్చు ఆపేసింది, భారమంతా సోదరుడి మీద పడింది. రాకెట్ మీద హక్కులు ఆ కామిక్స్ వేసిన మార్వెల్ కంపెనీవి, ఎందుకంటే అక్కడి కామిక్స్‌లో పేజీకింత అని డబ్బు తీసుకుని రాసిచ్చేస్తే పాత్ర వాళ్లదైపోతుంది. 2014లో సినిమా వచ్చినప్పుడు మార్వెల్ వాళ్లు ఆయన ఉన్న చోటే ప్రత్యేకంగా షో వేసి చూపించారు, కుటుంబంతో ఒప్పందం చేసుకున్నారు, టైటిల్స్‌లో పేర్లూ వేశారు. సంతోషమే, కానీ అదంతా బేరమాడి తెచ్చుకోవాల్సి రావడమే నాకు మింగుడుపడటం లేదు. మధ్యలో ఆయన వైద్యానికి చందాలు పోగుచేసింది పాత అభిమానులు. వాళ్లకి ఆ పేరు తెలుసు కాబట్టి చేశారు, తెలియకపోతే ఎవరి కోసం చేస్తారు?

మన దగ్గరా ఇంతేగా. చందమామలో మనం ఎగబడి చదివిన సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని చాలామందికి ఎప్పటికో గానీ తెలియలేదు, వాటి కింద ఆయన పేరు వేసేవాళ్లు కాదు మరి. పాటల విషయంలో కొంత నయం, 2012లో కాపీరైట్ చట్టం సవరించాక హాల్లో సినిమా ఆడటం వదిలేస్తే మిగతా వాడకాలకి రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి రాయల్టీ వాటా ఉంది, నిర్మాతకి రాసిచ్చేసినా అది పోదు.

చట్టాలు మార్చడం మీ చేతుల్లో లేదు, పేజీ మీ చేతుల్లో ఉంది. కామిక్స్ నుంచి వచ్చిన ఏ పాత్ర గురించి రాసినా ‘సృష్టి: ఫలానా’ అని ఒక్క లైను వేయండి. చోటు లేదంటారేమో, వసూళ్ల లెక్కల్లో ఒక లైను తీసేస్తే సరిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, హనుమకొండ