శాతం ఒక్కటే చూస్తే బడి తెలియదు

అయ్యా,

పదో తరగతి ఫలితాలు రాగానే మా మండలంలో జిల్లా పరిషత్ హైస్కూళ్లను శాతాలతో పోల్చడం మొదలవుతుంది. నూరు శాతం వచ్చిన బడికి ఫ్లెక్సీ, తగ్గిన బడి హెడ్మాస్టర్‌కు మెమో. పరీక్ష రాసింది ఎంతమంది, ఆరో తరగతిలో చేరినవాళ్లలో పదిదాకా ఎందరు మిగిలారు అని ఎవరూ అడగరు.

మా అమ్మాయి కోసం ఈ వేసవిలో రెండు బడులు తిరిగి చూశాను. మంచి శాతం వచ్చిన బడిలో సైన్స్ ల్యాబ్ బీరువా తాళం తుప్పు పట్టి ఉంది. ఆడపిల్లల టాయిలెట్‌లో కుళాయి ఉంది, నీళ్లు లేవు. "అందుకే మధ్యాహ్నం దాకా నీళ్లు తాగం అంకుల్" అని అక్కడి ఎనిమిదో తరగతి పాప చెప్పింది. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. శాతం తక్కువున్న రెండో బడిలో లెక్కల సారు సాయంత్రం ఆరింటి దాకా కూర్చుని వెనకబడిన పిల్లలతో లెక్కలు చేయిస్తున్నారు. మా అమ్మాయిని అక్కడే చేర్పించాను.

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు కనీసం ఒక టీచరు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం బడుల వివరాలు సేకరించే యూడైస్ కోసం ప్రతి బడీ ఏటా టీచర్లు, గదులు, మరుగుదొడ్ల వివరాలు ఇస్తూనే ఉంది. వాటిని తెలుగులో రాసి బడి గేటు దగ్గర, పంచాయతీ ఆఫీసులో బోర్డు పెట్టించాలని జిల్లా విద్యాధికారులను కోరుతున్నాను. ఖాళీగా ఉన్న సబ్జెక్టు పోస్టులు కూడా అందులో రాయాలి. వచ్చే ఏడాది ఫలితాలు ప్రచురించేటప్పుడు సంపాదకులైన మీరు కూడా శాతం పక్కనే పరీక్ష రాసినవారి సంఖ్య వేయండి.

- ఒక విద్యార్థిని తండ్రి, జనగామ జిల్లా