శాలువాలు చాలు, రాత్రి డ్యూటీకి ఇంకో సిస్టర్‌ను ఇవ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, తిరుపతి నుంచి ఒక కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నమస్కరించి రాయు బహిరంగ లేఖ.

అయ్యా,

విషయం మీకు కొత్తది కాదు. రాత్రి వార్డుకు ఇద్దరు నర్సులు కావాలని మొదట మా ఆసుపత్రి పెద్దలకు అర్జీ ఇచ్చాం, తర్వాత జిల్లా అధికారులకు ఇచ్చాం, ఆ పైన సోమవారం గ్రీవెన్సులో నైట్ డ్యూటీ దిగిన కళ్ళతో క్యూలో నిలబడి ఇచ్చాం. చివరికి ఫోనుకు మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని. ఆ రాత్రి కూడా వార్డులో నేనొక్కదాన్నే. పరిష్కారంలో వచ్చిన ఆ రెండో సిస్టర్ ఏ వార్డులో చేరిందో కాస్త కనుక్కుని చెబుతారని ఈ ఉత్తరం.

నా పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు. మార్చి నెలాఖరుకు రెన్యువల్ కాగితం మీద సంతకం పడాలి కదా.

మాది మగవాళ్ళ మెడికల్ వార్డు. నలభై మంచాలు. విషజ్వరాల కాలంలో మంచాల మధ్య పరుపులు కూడా పడతాయి. రాత్రి ఎనిమిదికి ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగేది ఒకే ఒక్క సిస్టర్. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు, సెలవుల కోసం ఇంకో 30 శాతం అదనంగా ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన లెక్క మీ ఫైళ్ళలో ఉండే ఉంటుంది. మాకు మూడూ వద్దు, అయిదూ వద్దు. ఇరవై మందికి ఒకరిని ఇచ్చినా దండం పెడతాం. ఎంతకు దిగామో చూడండి, రావలసినదాంట్లో పావు వంతు ఇమ్మని బతిమాలుకుంటున్నాం.

ఒక్కదానివే అయితే ఏమవుతుంది, పడుకునే రోగులే కదా అని ఒక అధికారి గారు అన్నారు. ఏమవుతుందో చెబుతాను.

వానాకాలంలో ఒక రైతును తెచ్చారు. రాత్రి కరెంటు వచ్చిందని చెనక్కాయ చేనుకు నీళ్ళు కట్టడానికి పోతే రక్తపింజర కరిచింది. మోకాలి దాకా వాపు. గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం పని చేస్తున్నట్టు. వంచాను, నీళ్ళలా జారింది. డ్యూటీ డాక్టరు గారు విషానికి విరుగుడు మందు యాంటీ వీనం పది వయల్స్ రాసి క్యాజువాలిటీకి పరుగెత్తారు, ఆయనదీ నా బతుకే. ఆ పది సీసాల్లో ఉండేది పొడి. ఒక్కోదాంట్లో స్టెరైల్ వాటర్ పోసి, నురగ రాకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ కరిగించాలి. తొందరపడి ఊపకూడదు. అన్నీ కరిగాక సెలైన్‌లో కలిపి ఎక్కించాలి. మొదటి అరగంట మనిషి పక్క నుంచి కదలడానికి లేదు. దురద, దద్దుర్లు, వాంతి, ఆయాసం, ఏది మొదలైనా మందు ఆపి అడ్రినలిన్ పొడవాలి. అది ముందే సిరంజిలోకి తీసి పెట్టుకుంటాం.

ఆ అరగంటలోనే పదకొండో బెడ్ సెలైన్ అయిపోయి రక్తం పైపులోకి ఎదురెక్కింది. ఆక్సిజన్ మీదున్న తాత మాస్కు పీకేసుకున్నాడు. కొండకొచ్చి జ్వరంతో పడిపోయిన తమిళాయన, తోడు ఎవరూ లేని మనిషి, ‘తణ్ణి, తణ్ణి’ అని నీళ్ళడుగుతున్నాడు. సెలైన్ బెడ్ తాలూకు కుర్రాడు నా ముఖాన సెల్ ఫోను పెట్టి వీడియో మొదలెట్టాడు: “చూడండి, పిలిస్తే పలకదు, ప్రభుత్వ జీతం తింటా ఉంది.” అతన్ని ఏమనను? వాళ్ళ నాన్న చెయ్యి అప్పటికే వాచింది. నేను ఒక చేత్తో రైతు నాడి పట్టుకుని, ఆ కుర్రాడికే పైపు క్లాంపు ఎలా మూయాలో దూరం నుంచి చెప్పాను. ఆక్సిజన్ తాతకు పక్క బెడ్ పేషెంటే లేచొచ్చి మాస్కు పెట్టాడు. మన ఆసుపత్రిలో రాత్రిపూట రెండో నర్సు ఆ పేషెంటేనండీ, ఆయనకు జీతం కూడా ఇవ్వక్కర్లేదు.

ఆరు గంటల తర్వాత మళ్ళీ రక్తం తీసి ట్యూబు వంచాను. గడ్డకట్టింది. తలకిందులు చేసినా జారలేదు. డిశ్చార్జి రోజు ఆయన భార్య నా గడ్డం పట్టుకుని “నీ కడుపు చల్లగుండాల తల్లీ” అంది. ఆ సంతోషం ముందు జీతం ఎంత అని రాయబోయి పెన్ను ఆపాను. మీ వాళ్ళు ఈ ఒక్క వాక్యాన్నే కత్తిరించి పెట్టుకుంటారు, ‘చూశారా, వాళ్ళకు తృప్తి చాలు’ అని. తృప్తి ఉంది సార్, అందుకే ఇంకా ఉన్నాం. దాన్ని మాకు రావలసినదాంట్లోంచి కోసుకోవద్దు.

ఏటా మే 12న, నర్సుల దినోత్సవమని మమ్మల్ని దేవతలంటారు. శాలువా, కొవ్వొత్తి, గ్రూపు ఫోటో. తిరుపతిలో ఉండి మరీ మాట్లాడుతున్నాను కాబట్టి చెబుతున్నా, దేవుడికైనా రాత్రి ఏకాంత సేవ అయ్యాక తలుపులు మూస్తారు, మళ్ళీ సుప్రభాతం దాకా లేపరు. మా తలుపులు మూసేదెప్పుడు? ఎవరి పేరు చెప్పి మాతో ఆ కొవ్వొత్తి పట్టిస్తారో, ఆధునిక నర్సింగుకు ఆద్యురాలైన ఆ ఫ్లోరెన్స్ నైటింగేల్ దీపంతో తిరిగింది రాత్రి రౌండ్లలోనే. ఆవిడ దీపం పట్టుకుని ఊరుకోలేదు. క్రిమియా యుద్ధంలో గాయాలతో కంటే రోగాలతో ఎక్కువ మంది సైనికులు పోయారని లెక్కలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆవిడను సభ్యురాలిగా చేర్చుకుంది. మేము వార్డు లెక్క రాసిస్తే మాత్రం ‘పై అధికారుల ద్వారా రాలేదు’ అని వెనక్కి వస్తుంది.

జీతం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రెగ్యులర్ సిస్టరూ నేనూ చేసేది ఒకే పని. తాత్కాలికంగా తీసుకున్నా అదే పని చేస్తుంటే ఆ స్కేలు కనీసమైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. పంజాబు కేసు కదా, రైలు రేణిగుంట దాకా రాలేదేమో. ఒకటో తారీఖు అనేది మా క్యాలెండరులో ఎప్పుడు వస్తుందో మాకే తెలియదు, ఇంటి ఓనరుకు మాత్రం ఠంచనుగా వస్తుంది. ప్రైవేటులో ఉన్న మా నర్సు పిల్లల గతి ఇంకా అన్యాయం. యాభై పడకల లోపు ఆసుపత్రి అయినా నర్సుకు నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదని కేంద్రం వేసిన కమిటీ 2016లోనే అంది. చిన్న నర్సింగ్ హోముల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని పని చేయించుకునేవాళ్ళకు ఆ కాగితం ఎవరు చూపిస్తారు?

అందుకే చదువైన పిల్లలు ఇక్కడ నిలవడం లేదు. నైట్ డ్యూటీ దిగి ఒకరు విదేశీ ఉద్యోగానికి రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ కోచింగుకు పోతుంది, ఒకరు జర్మన్ నేర్చుకుంటుంది, ఒకరు గల్ఫ్ కోసం సర్టిఫికెట్లు సరిచూసే డేటాఫ్లో, లైసెన్సు పరీక్ష ప్రోమెట్రిక్ అని తిరుగుతుంది. మొన్న ఒక పిల్ల లండన్ నుంచి వీడియో కాల్ చేసి, “అక్కా, ఇక్కడ భోజనానికి బ్రేక్ ఇస్తారు” అంది. జీతం గురించి చెప్పలేదు చూడండి, భోజనం గురించి చెప్పింది.

కాబట్టి అడుగుతున్నాను. రాత్రి వార్డుకు ఇద్దరు నర్సులు. ఖాళీ పోస్టులు నింపండి. కోవిడ్‌లో తెచ్చుకుని కేసులు తగ్గగానే ఇంటికి పంపిన పిల్లలు ఊళ్ళలోనే ఉన్నారు, కబురు చేస్తే వస్తారు. జీతం నెలకు నెల ఇవ్వండి. మళ్ళీ చెబుతున్నా, రాత్రికి ఇద్దరు. మిగతావి మెల్లగా చూసుకోండి, ఇది మాత్రం ఇప్పుడే.

నమ్మకం లేకపోతే తమరే ఒకసారి రండి. పగలు వద్దు, రాత్రి రెండింటికి రండి. ముందుగా ఎవరికీ చెప్పకండి. చెబితే పక్క వార్డుల సిస్టర్లందరినీ తెచ్చి మా వార్డులో నిలబెడతారు, ఆ గంటసేపు ఆ వార్డులకు దిక్కుండదు.

ఇట్లు
తమ విధేయురాలు,
ఒక స్టాఫ్ నర్సు, తిరుపతి